మొఱుగు కుక్కయు పట్టు కుక్కయు

మక్కచేలు కంకి పట్టు దినములలో కరీంనగరము జిల్లా చొప్పదండి వైపునకు పోయినవారు వేకువజామున గుట్టల దిక్కునుండి వచ్చు ఒక కేకను వినియుందురు. కుక్కను ఉసికొల్పు నా కేకకు అర్థము చెప్పనక్కఱలేదు. పదిమంది పడుచువాండ్రు; చేతులలో బల్లెములు, గుదియలు; త్రాళ్లకు గట్టిన నాలుగైదు కుక్కలు; ఎదుట పొదలో అడవిపంది. పొద్దు బారెడెక్కకమునుపే పని ముగియును. మాపటికి ఆ మాంసము పాళ్లు పడి సంచులలో ఊరు దాటును. అది ఎవరి యిండ్లకు పోవుచున్నది? వేటాడినవాని పొయ్యిమీది కెక్కునది స్వల్పము. తక్కినది వెల యిచ్చుకొనగలవారి యిండ్లకు, అనగా ఉద్యోగస్థుల యిండ్లకు, ఉపాధ్యాయుల యిండ్లకు, వర్తకుల యిండ్లకు, ఇట్టి మాసపత్రికలను చందా గట్టి చదువు మనబోటివారి యిండ్లకు పోవుచున్నది. కావుననే ఈ నాలుగు మాటలును వేటకాండ్రకై వ్రాయుట లేదు. వారు దీనిని చదువరు. చదువువారిమీదనే నా ఫిర్యాదు.

వేటకుక్క యనగానే మనకు ఒక్కటే రూపము తోచును. కాని ఆ పని తెలిసినవారు దానిని రెండు తెగలుగా ఎంచుదురు. మొదటిది మొఱుగు కుక్క. అది వాసన పట్టి పందిని కలిసికొని, దాని చుట్టు తిరుగుచు, కోఱకు అందనంత దూరములో నిలిచి, మనుష్యుడు వచ్చువఱకు మొఱుగుచు దానిని కదలనీయక నిలుపును. పంది మీదికి దుమికెనా, వెనుకకు గెంతును. పంది వెనుదిరిగెనా, వెంటబడును. ఇది కుక్కకు పుట్టుకతో వచ్చిన తెలివి. దాని పూర్వుడగు తోడేలు సయితము బలముగల మృగమును ఇట్లే అలయించి అలయించి చంపును గాని కొమ్ములకును కోఱలకును రొమ్మొడ్డదు. రెండవది పట్టు కుక్క. దానికి ఈ తెలివి ఉండరాదు. విడిచిన తక్షణమే పోయి పంది చెవినిగాని దవడనుగాని నోట గఱచి, మనుష్యుడు వచ్చి బల్లెము దింపువఱకు, ఏమి జరిగినను విడువక వ్రేలాడవలెను. అది మొఱుగరాదు. మొఱిగినచో పంది ముందే తప్పించుకొని పోవునని, నోరుగల కూనలను మొదటనే ఏరివేయుదురు.

ఈ రెండవ తెగ కుక్కను మనుష్యుడే తయారుచేయవలెను. నాలుగు నెలల కూనకు మొదట పంది చెవితోలును త్రాటికి గట్టి ఆటగా అందించి లాగుదురు. పిమ్మట మూతి బిగించిన పందిపిల్లను గుంజకు గట్టి దానిమీదికి వదలుదురు. తరువాత అంతకంటె పెద్దదానిని, ఆపైన కట్టు లేని దానిని. పట్టినదానికి నిమురుటయు, మాంసపు ముక్కయు; పట్టు విడిచి వెనుకకు వచ్చినదానికి దెబ్బలు, పస్తు. వేటకు ముందటి దినమున అన్నము పెట్టరు. కుక్కకు ఏదో విద్య నేర్పుచున్నామని వారనుకొందురు. నాకు మాత్రము ఒక విద్యను మఱపించుచున్నట్లు కనబడుచున్నది. ఎప్పుడు విడువవలెనో తెలియుటయే కుక్కజాతి ప్రాణమును ఇన్ని వేల యేండ్లు కాపాడిన విద్య. దానిని కొట్టి కొట్టి పోగొట్టిన పిమ్మట మిగులునది కాళ్లున్న కొక్కెము.

అడవిపంది క్రింది కోఱలు పై కోఱలతో ఒరసికొని ఎప్పటికప్పుడు సానబట్టినట్లుండును. అది తల వంచి క్రిందినుండి మీదికి చీల్చును. కావున చెవి పట్టి వ్రేలాడు కుక్కకు దెబ్బ రొమ్మునకో కడుపునకో తగులును. ఈ వేట ఆడు అమెరికా దక్షిణరాష్ట్రములలోను, ఆస్ట్రేలియాలోను కుక్క మెడకు వెడల్పైన పట్టెడయు, రొమ్మునకు దళసరి కవచమును తొడుగుదురు. పట్టు విడువని దవడలను తెఱచుటకు ఒక కట్టెచీలను వెంట నుంచుకొందురు. మన పల్లెలలో కవచమును లేదు, చెంతనుండు పశువైద్యుడును లేడు. గోనెదబ్బనము కలదు.

ఈ మాట అలంకారమున కన్నది కాదు. చొప్పదండికి చేరువ నొక పల్లెలో, చేనిగట్టుమీద, గోధుమవన్నె ఆడుకుక్క యొకటి పండుకొని యుండగా దాని యజమాని ప్రేగులను లోనికి నెట్టి, పసుపద్ది, గోనెసంచులు కుట్టు దబ్బనమునకు సుతిలి యెక్కించి ఆ కడుపును కుట్టుటను నేను చూచితిని. కుక్క అఱవలేదు. కుట్టుచున్న చేతిని నాకుచుండెను. ఆ మనుష్యుని కన్నుల నీరు నిండియుండెను. ఆతడు క్రూరుడని నేను చెప్పను. దానిని బిడ్డవలె సాకినాడు. మూడవనాటికి అది చచ్చినది. ఆ ఉదయముననే నేను ఏదో యనబోగా ప్రక్కనున్న చేని యజమాని, తల నెఱసిన కాపు, నన్ను ఆపి యిట్లనెను: "సారూ, మీకు కుక్క కానవడ్డది. నా మక్క కానరాలే."

ఆ మాటకు అప్పుడు నాకు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చిన తరువాత చాల దినములు ఆలోచించితిని. జంతుదయనుగూర్చి వ్రాయువారు సామాన్యముగా ఈ కాపును తమ వ్యాసములలోనికి రానీయరు. రానిచ్చినచో వ్యాసము కష్టమగును.

ఆతని నష్టము నిజము. పందులమంద ఒక్క రాత్రి మక్కచేనిలో పడినచో తినునది కొంత, త్రొక్కి పడవేయునది అంతకు మిక్కిలి. వరిమడిలో పొర్లును, పల్లిచేనును నాగటితో దున్నినట్లు మూతితో దున్నును. అప్పు తెచ్చి విత్తినవాడు తెల్లవాఱి గట్టుమీద నిలిచి చూచు ఆ చూపును పట్నమున కూర్చుండి కొట్టివేయరాదు. ఈ పందులు చేలమీద ఇంతగా పడుటకు కారణములు లేకపోలేదు. 1963లో పునాది పడిన శ్రీరామసాగరపు కాకతీయ కాలువ నీరు వచ్చినది మొదలు ఇచ్చటి చేలు ఏడాదిలో హెచ్చుభాగము పచ్చగా నుండును. పందికి అది నిత్యసంతర్పణము. ఇంకొకవైపు కరీంనగరము చుట్టునున్న గుట్టలను గ్రానైటు రాతికై కోసి, ఆ దిమ్మలను రైళ్లమీద కాకినాడ రేవునకును, అక్కడనుండి ఓడలమీద చీనాదేశమునకును పంపుచున్నారు. గుట్టయే ఓడ యెక్కిపోయిన పిమ్మట అందులోని ఎలుగుబంటియు పందియు ఎక్కడికి పోవలెను? పందిని అదుపులో నుంచు చిరుతపులి అరుదైనది. ఆ పనికై ప్రకృతియే ఒక కుక్కను సృష్టించినది, రేచుకుక్క. మందగా వేటాడు ఆ జంతువును చూడగోరినచో ఇప్పుడు ఆదిలాబాదు వైపున, 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవులకు పోవలెను. అదుపు చేయువారు లేరు. ఆడుపంది నాలుగు నెలలకు లోపుననే మోసి ఒక్క యీతకు నాలుగైదు పిల్లలను పెట్టును.

సరే, ఈ కష్టములో పట్టు కుక్క కాపునకు చేసిన మేలేమి? ఒక్కొక్క వేటలో చిక్కునది ఒకటి రెండు పందులు; అవియు తఱచుగా పరుగులో వెనుకబడినవి, ఈడు రానివి. మదించిన మగపంది కుక్కలను చీల్చి దాటిపోవును. చెదరిన మంద పొరుగువాని చేనిలో పడును. ఆ రాత్రి ఈ కాపు నిద్రించును, పొరుగుకాపు ఏడ్చును. కొన్నాళ్లకు మంద మఱల వచ్చును గాని వేటకాండ్రు మఱల రారు. వారికి వేఱొక ఊరినుండి కబురందియుండును. వారు పంట కాచుటకు వచ్చినవారు కారు, మాంసమునకై వచ్చినవారు. చొప్పదండి గుట్టలలో రేపు ఒక్క పందియు లేకపోయినచో కాపు పండుగ చేసికొనును. ఎక్కువ దుఃఖించువారు ఈ వేటకాండ్రే.

"మొఱిగెడు కుక్క కఱవదు" అను సామెతను మనము పిఱికివానిని ఎత్తిపొడుచుటకు వాడుదుము. చేని కావలికి అది నింద కాదు, యోగ్యతాపత్రము. కాపునకు కావలసినది కుక్క గొంతు. మంచె క్రింద రెండు ఊరకుక్కలు పండుకొని, అర్ధరాత్రమున పొదలో అలికిడి విని మొఱిగినచో, మంచెమీదివాడు లేచును. డబ్బా వాయించును, వడిసెల త్రిప్పును, కొఱవి విసరును. పంది గట్టు దాటకమునుపే మరలును. ఈ కుక్కకు కడుపు చీలదు, కాపునకు నిద్ర చెడుట తప్ప నష్టము లేదు. కొన్ని రాత్రులకు పంది ఆ చప్పుళ్లకు అలవాటుపడుననియు ఒప్పుకొనవలెను. దానికి తెలివి తక్కువ కాదు. అందుచేత ఒక్క ఉపాయము చాలదు. చేని చుట్టు ఆముదపు వరుసలను, ముండ్లుగల కుసుమ వరుసలను వేయుమని రాజేంద్రనగరపు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పుచున్నారు. కందకము త్రవ్వవచ్చును. సూర్యరశ్మితో నడచు కంచె కలదు. దాని తీగ తగిలిన పంది ఉలికిపడి మరలును గాని చావదు. దానికి బదులుగా మనవారు మోటారు తీగనుండి నేరుగా కరెంటు తీసి గట్టు పొడవున పఱచుచున్నారు. ఆ తీగకు పందియు పడును, చిరుతయు పడును, తెల్లవాఱకమునుపు నీరు కట్టవచ్చిన కాపుకొడుకును పడును.

ఇవి యన్నియు ఖర్చుతో కూడినవి. అడవిలో వేటాడి చంపిన జంతువు ప్రభుత్వపు సొత్తని శాసనము చెప్పుచున్నది. చచ్చిన పంది ప్రభుత్వపు సొత్తయినప్పుడు, బ్రదికియున్న పంది తిన్న మక్కకు లెక్క యెవరు చెప్పవలెను? కంచె ఖర్చును, నష్టపరిహారమును సకాలమున కాపు చేతికి చేర్చని ప్రభుత్వము, ఆతడు వేటకాండ్రను పిలిచినాడని కోపించుటకు అర్హత కోలుపోవును. ఇది నేను ఆ తల నెఱసిన కాపునకు ఆలస్యముగా ఇచ్చుకొనుచున్న జవాబు. మక్క కనబడినది. అయినను కుక్క కనబడుట మానలేదు.

శాసనము ఈ వేటను సమ్మతింపదని తెలియనివారు లేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనములో వేట యనగా చంపుటయు ఉచ్చు వేయుటయు మాత్రమే గాక, తఱుముటయు, ఎఱ చూపుటయు, వానికై చేయు ప్రతి ప్రయత్నమును చేరియున్నవి. అంతకుమున్ను మూడవ పట్టికలో నున్న అడవిపంది, 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చుటతో రెండవ పట్టికకు మాఱినది. పంట పాడగుచున్నప్పుడు అధికారి కారణములు వ్రాసి దానిని చంపుటకు అనుమతి నీయవచ్చును. తెలంగాణములో అట్టి అనుమతితో కాల్చు తుపాకివాండ్రు కలరు. ఆ మార్గము నాకు ప్రియము కాదు. కాని కాల్చినవాడెవడో, ఏ చేనికై కాల్చెనో కాగితముమీద నుండును, చచ్చునది ఒక్క జంతువే. ఇక కుక్కను హింసించినవానికి 1960 నాటి శాసనము విధించు జుల్మానా, మొదటి తప్పునకు, పది రూపాయలకు తక్కువ గాక ఏబది రూపాయలకు మించక యుండును. నలుగురు మిత్రులు హోటలులో చాయ త్రాగి లేచినప్పుడు ఇచ్చునది అంతకంటె ఎక్కువ.

వేట పూర్వాచారము గదా, ప్రబంధములలో వేటవర్ణనము లేదా యని ఒక పండితమిత్రుడు నన్నడిగెను. ఉన్నది. ఇంకను పూర్వమునకు పోవుదము. భారతము ఆదిపర్వములోని ఏకలవ్యుని కథను అందఱమును ఎఱుగుదుము. అందులోని కుక్కను మాత్రము మఱచిపోవుదుము. పాండవులు వేటకు పోయిననాడు వెంటవచ్చిన కుక్క, అడవిలో కొత్తవానిని చూచి, తన స్వభావము కొలది మొఱిగినది. ఏకలవ్యుడు ఏడు బాణములతో దాని నోరు నింపెను. అర్జునుడు ఆ విలుకాని నేర్పును చూచి చిన్నబోయెను. ద్రోణుడు శిష్యున కిచ్చిన మాట నిలుపుకొనుటకు బొటనవ్రేలు కోరెను. ఆ కుక్క పిమ్మట ఏమయ్యెనో అడిగినవాడు లేడు. కుక్క నోరు మూయుటను నేర్పుగా మెచ్చుకొను అలవాటు మనకు చాల ప్రాతది.

నల్లమల చెంచులు కుక్కలతో వేటాడరా యందురు. ఆడుదురు, హైమెండార్ఫు 1943లో ప్రకటించిన గ్రంథములో చెంచుల బ్రదుకును, వారి వేటను వర్ణించినాడు. అడవిలో ఆకలికై వేటాడి, దొరికినదానిని కుక్కతో పంచుకొని తినువానిని ఉదాహరించి, ఆకలి యెఱుగని పట్నవాసి తన వంటింటిని సమర్థించుకొనుట నాకు నవ్వు పుట్టించును.

పూర్వాచారమే కావలెనన్నచో అంత దూరమేల? నిజాము రాజ్యములో దొరలును అధికారులును షికారుకు వచ్చినప్పుడు వెట్టివాండ్రు కేకలు వేయుచు పొదలలో దూరి మృగమును తుపాకి యెదుటికి తోలవలసివచ్చెడిది. కూలి లేదు. మృగము తిరుగబడి చీల్చినచో అడుగువాడు లేడు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో మొదటి సభ జరిపిన ఆంధ్రమహాసభయు ఆ వెట్టిపై పోరాడినవి. మన పితామహులు ఆ సభల పేరు చెప్పుకొని గర్వించిరి, మనమును గర్వించుచున్నాము. తనకు లేని పగకై, పరుల వేడుకకై, పొదలో దూరి కడుపు చీల్చించుకొను పని మనుష్యునికి తప్పినది. అది కుక్కకు సంక్రమించినది.

పట్టు కుక్కను కనిపెట్టిన గౌరవము మన దేశమునకే చెందదు. ఇంగ్లీషువారు ఎద్దు ముక్కు పట్టి వ్రేలాడుటకు బుల్‌డాగు జాతిని పెంచిరి. గుంజకు గట్టిన ఎద్దుమీదికి కుక్కలను వదలి చూచుట వారికి వినోదముగా నుండెను. 1835లో వారి పార్లమెంటే దానిని నిషేధించినది. 2004 నాటి శాసనముతో ఇంగ్లండులోను వేల్సులోను కుక్కలతో అడవిమృగములను వేటాడుటయు నేరమైనది. ఆర్జెంటీనా దేశములో 1920 తరువాతి సంవత్సరములలో వైద్యుడొకడు పందివేటకై డోగో అను తెల్లకుక్కల జాతిని సృష్టించెను. ఇప్పుడు మన పడుచువాండ్రు చేతిఫోనులలో ఆ దేశముల వేటలను చూచి, పిట్‌బుల్ నెత్తురు కలిసిన కూనలకై వేలకు వేలు పోయుచున్నారు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము ఇరువదిమూడు జాతులను నిషేధింపుమని రాష్ట్రములకు వ్రాసెను. సంబంధించినవారిని సంప్రదింపలేదని ఏప్రిల్ మాసముననే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. దానికై నేను చింతింపను. తప్పు జాతిలో లేదు. నేను గట్టుమీద చూచినది మన ఊరకుక్కయే. దానిని అట్లు చేసినది తర్ఫీదు.

తర్ఫీదు పొందునది కుక్క మాత్రమే యనుకొనుటయు పొరపాటు. గుంజకు గట్టిన పందిపిల్ల గిలగిల కొట్టుకొనుచుండగా చుట్టు నిలిచి చప్పట్లు కొట్టు పదేండ్ల బాలురను చూడుడు. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన పౌరకర్తవ్యములలో ప్రాణులయెడ దయ యొకటి. ఉదయము పాఠశాలలో ఆ వాక్యమును వల్లె వేసిన బాలుడు సాయంకాలము గుంజదగ్గఱకు పోవుచున్నాడు. వల్లె వేయించిన ఉపాధ్యాయుని యింటికి ఆ వారమే మాంసపు సంచి పోవుచున్నది. బాలుడు రెండింటిని చూచుచున్నాడు. ఏది పాఠమో ఏది వేడుకో వానికి ఎవరును చెప్పనక్కఱలేదు.

ఆ సంచిలోనిది ఏ వైద్యుడును పరీక్షింపని మాంసమని, సరిగా ఉడుకనిచో పురుగులు మన యొడలికి వచ్చునని గృహిణులకు చెప్పి భయపెట్టవచ్చును. అది నిజమే. భయముతో మానినను మానుటయే. కాని నేను వారిని అడుగునది వేఱు. కొన్నవాడును శాసనము దృష్టిలో నేరస్థుడే యని యెఱిగియు మనలో పలువురు "అడవిమాంసము, బలము" అని చాటుగా తెప్పించుకొనుచున్నారు. కొనువారు లేనిచో ఒక్క కాపు మక్కకై పది కుక్కలను సాకి, కూటికి ఖర్చుపెట్టి, తెల్లవాఱుజామున గుట్ట లెక్కు పరోపకారి యెవడును చొప్పదండిలో లేడు, మఱి యే ఊరిలోను లేడు.

ఈ మక్కల కాలమునను సంచితో ఎవడో మన వాకిటికి వచ్చును. కిలో ఎంత యని యడుగకుడు. ఉదయము ఎన్ని కుక్కలు పోయినవో, మాపటికి ఎన్ని తిరిగివచ్చినవో అడుగుడు. ఆతడు దాచడు, చెప్పును. ఆ చెప్పుమాటను వంటింటిలోనివారును, పిల్లలును వినునట్లు వాకిటనే నిలువబెట్టి చెప్పించుకొనుడు.